కట్టు విప్పి చూసేవాళ్ళు

మా వైపు ఎవరికైనా ఒంట్లో బాగోలేదంటే చూడ్డానికి వెళ్ళాలి. వెళ్ళకపోతే ఆ సంగతి ఏళ్ళ తరబడి గుర్తుపెట్టుకుంటారు. చూడ్డమంటే మనిషిని చూడ్డం అని మీరనుకుంటే పొరపాటు. చూడాల్సింది జబ్బుని. జ్వరమైతే మెడ కింద చెయ్యి పెట్టి చూస్తారు. ఆపరేషనైతే కుట్లు చూస్తారు. గర్భసంచి తీయించుకుని వచ్చిన మా తోటికోడలి చేత కుచ్చిళ్ళు దింపించి, కోత ఎంత పొడుగుందో జానతో కొలిచి, తమ కోడలికి ఇంతకన్నా పెద్దదే పడిందని చెప్పి కాఫీ తాగి వెళ్ళినవాళ్ళు నాకు తెలుసు. పుండైతే కట్టు విప్పించి చూస్తారు. ఉత్త కట్టు చూపించి పంపితే వాళ్ళకి అవమానం, మనకి పొగరు.

ఈ అలవాటంటే నాకు మొదటినుంచీ రోతే. రోతైతే ఏముంది, తల తిప్పుకుంటే పోతుందని సరిపెట్టుకునేదాన్ని, మా అప్ప కాలు మా ఇంటికి వచ్చేవరకు.

అప్ప అంటే మా అక్క. నాకన్నా బాగా పెద్దది. దాన్ని బుచ్చయ్యపేట వైపు ఒక ఊళ్ళో చెరకూ వరీ ఉన్న ఇంటికి ఇచ్చారు. నేను డిగ్రీ చదివి చోడవరంలో బ్యాంకు ఉద్యోగం చేస్తూ ఇక్కడే కాపురం పెట్టాను. అప్పకి షుగరు ఉందని తెలిసి చాలా కాలమైంది. మాత్రలు గుర్తొస్తే వేసుకుంటుంది. పంచదార మానేశానని గర్వంగా చెప్పుకుంటూ టీలో బెల్లం వేసుకుంటుంది. అదేమిటంటే, బెల్లం మన పొలంలోది కదే, దానికేటి రోగం అంటుంది. పొలంలోంచి వచ్చినదానికి ఒంట్లో ఏం చెయ్యాలో తెలియదని ఆవిడ నమ్మకం.

కాళ్ళు రెండూ ఎప్పటినుంచో వాచి ఉండేవి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే నిలబడిపోయేది. ఎడమ కాలికి చీలమండకి కాస్త పైన, లోపలివైపు, చెరకు ఆకు గీసుకుందో దోమ కుడితే గోక్కుందో, చిన్న పుండు లేచింది. దాని మీద పసుపు రాశారు. వేపాకు నూరి కట్టారు. గొట్టం మాత్రలు విప్పి లోపలి పొడి చల్లారు. ఎవరో చెప్పారని చుట్ట బూడిద అద్దారు. ఇన్ని తిని ఆ పుండు అరచేయంత అయింది. నేను వెళ్ళి చూసేసరికి దానిలోంచి పచ్చగా నీరు కారుతోంది, ఈగలు ముసురుతున్నాయి, నాలుగు రోజులు ఒంపకుండా వదిలేసిన కుడితి గోలెం దగ్గర వచ్చే వాసన వస్తోంది. పక్కనే మంచం మీద కూర్చుని మా బావ వేరుశనక్కాయలు ఒలుచుకు తింటున్నాడు. ఊరి డాక్టరు కాలు తీసెయ్యాల్సి రావచ్చన్నాడని చెప్పాడు. తీసెయ్యాలంటే తీసెయ్యాలి మరి, అన్నాడు, పిప్పిపన్ను గురించి చెప్పినట్టు.

ఆ సాయంత్రమే అప్పని ఆటో ఎక్కించి చోడవరం తెచ్చేశాను.

అనకాపల్లిలో ఒక డాక్టరుకి చూపించాను. ఆయన పుండు కంటే ముందు కాలు చూశాడు. బీపీ పట్టీని చేతికి కాకుండా చీలమండకి చుట్టి, పెన్నులాంటి ఒక సాధనం పాదం మీద పెడితే, కుక్క పరిగెత్తి వచ్చి రొప్పుతున్నట్టు లోపలినుంచి చప్పుడు వినిపించింది. రక్తం కిందికి బాగానే దిగుతోంది, తిరిగి పైకి ఎక్కడమే కష్టమవుతోంది, ఆ నీరంతా కాల్లో నిలిచిపోయి పుండుని మాననివ్వడం లేదు అన్నాడు. దీనికి పూతల కన్నా ఒత్తిడి ముఖ్యమట. దూది పొర వేసి, దాని మీద సాగే కట్టు, వేళ్ళ మొదలునుంచి మోకాలి కింద వరకు. చీలమండ దగ్గర బాగా బిగువుగా, పైకి వెళ్ళేకొద్దీ తగ్గుతూ. అప్పుడు నీరు కిందినుంచి పైకి తోసుకుపోతుంది. కిందికి రక్తం దిగని కాలికి ఇదే కట్టు కడితే కాలు చచ్చిపోతుంది, అందుకే ముందు పరీక్ష చేశాను అన్నాడు.

తరవాత అప్పని కళ్ళు మూసుకోమని, ఒక సన్నటి నైలాను పోగుతో అరికాలు అక్కడక్కడా పొడిచి, తగిలినప్పుడల్లా చెప్పమన్నాడు. అప్ప కళ్ళు మూసుకుని చాలాసేపు ఓపిగ్గా కూర్చుంది. చివరికి, "ఇంకా మొదలెట్టనేదా బాబూ?" అని అడిగింది.

అప్పటికి ఆయన అరికాలంతా పొడిచేశాడు.

అందుకని నాతో గట్టిగా చెప్పాడు. కట్టు ఎక్కడైనా బిగిసినా ఆవిడకి తెలియదు, నొప్పి వచ్చి చెప్పే పాదం కాదు ఇది. మీరే వేళ్ళు చూడాలి, రంగు మారినా చల్లబడినా వెంటనే విప్పేసి తీసుకురావాలి. అలాంటిదేమీ లేకపోతే మాత్రం మళ్ళీ వారం నేను విప్పేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఇలా చేస్తే పుండు మూసుకుంటుంది, తరవాత జీవితాంతం బిగుతు మేజోడు వేసుకుంటే సరిపోతుంది. లేకపోతే చీము ఎముకదాకా వెళ్తుంది, అప్పుడు మీ ఊరి డాక్టరు చెప్పిందే నేనూ చెప్పాల్సి వస్తుంది.

నాకు అర్థమైంది. అప్పకీ అర్థమైందనే అనుకున్నాను. తలూపింది.

అది చెరకు ఆడే రోజులు. మా వీధి చివరినుంచి ఫ్యాక్టరీ దాకా చెరకు ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. బండి వరసలో పెట్టి ఊరికే కూర్చోవాల్సిన ప్రతివాడికీ అప్ప గుర్తొచ్చేది. వాడు వెళ్ళి ఊళ్ళో చెబితే మర్నాడు ఆడవాళ్ళు ఆటో కట్టించుకుని దిగేవారు. వీళ్ళతోపాటు మా బావ. నేను పొద్దున్న అప్ప వేళ్ళు తడిమి చూసి బ్యాంకుకి వెళ్ళి, సాయంత్రం వచ్చేసరికి ఇంటినిండా అరటి తొక్కలు, టీ గ్లాసులు, రస్కుల పొడి. షుగరు మనిషిని చూడ్డానికి పాలకోవా పట్టుకొచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. ఒక్కటి తింటే ఏటీ కాదని బలవంతం చేసి తినిపించి వెళ్ళేవారట. మా ఆయన మాత్రం పొద్దున్నే డ్యూటీకి పోయి చీకటిపడ్డాక వచ్చే మనిషి. వాళ్ళ కాలు వాళ్ళిష్టం, నీకెందుకు అనేవాడు.

కట్టు చూస్తే రోజుకొక రకంగా ఉండేది. ఒకరోజు చీలమండ దగ్గర సంచిలా వేలాడుతూ, ఒకరోజు మడమ బయటికి వచ్చేసి. అడిగితే, నడుస్తుంటే జారిపోతందే అనేది అప్ప. నేను నమ్మాను.

వారం వారం అనకాపల్లి వెళ్తూనే ఉన్నాం. విప్పిన ప్రతిసారీ పుండు అంతే ఉంది, కాదంటే ఇంకాస్త పెరిగింది. నీరూ తగ్గలేదు. ఒకసారి డాక్టరు అడిగాడు, దీన్ని ఇంట్లో ఎవరు విప్పుతున్నారని. నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఇంట్లో ఎవరూ విప్పరు, మీ సిస్టరుకి కట్టడం సరిగ్గా రాదు, మేం చోడవరం చేరేసరికే జారిపోతోంది అని, బయట కూర్చున్న రోగులందరికీ వినబడేలా దెబ్బలాడాను. కట్టు కట్టిన అమ్మాయి మొహం ఎర్రగా చేసుకుని నిలబడింది. అప్ప సీలింగు ఫ్యాను రెక్కల్ని శ్రద్ధగా చూస్తూ కూర్చుంది.

తరవాత ఒకరోజు మా బ్యాంకులో సర్వరు పడుకుంది. ఎంతకీ లేవకపోయేసరికి మధ్యాహ్నానికే ఇంటికి వచ్చేశాను. గుమ్మం బయట గుట్టగా చెప్పులు.

హాల్లో కుర్చీలన్నీ గుండ్రంగా వేసి ఉన్నాయి. మధ్యలో, నేను పేపరు పెట్టుకునే టీపాయి మీద, అప్ప కాలు. మా బావ నేల మీద కూర్చుని కట్టు విప్పుతున్నాడు. విప్పిన పట్టీ కొస అరటి తొక్కల పక్కన నేల మీద పాకుతోంది. పచ్చటి చీము పట్టిన దూది తీసి టీ గ్లాసుల ట్రేలో పెట్టారు. అవును, ట్రేలో. ఒక ముసలమ్మ సగం తిన్న అరటిపండుతో పుండుని చూపిస్తూ, లోపల తెల్లగా కనిపిస్తున్నది ఎముకే అంటోంది. ఇంకొకామె కాదు నరం అంటోంది. మూడో ఆమె, కె.కోటపాడులో మందుల షాపు పెట్టిన అల్లుడికి పంపడానికట, ఫోనుతో వీడియో తీస్తూ, కాస్త వెలుతురువైపు తిప్పు వదినా అంటోంది. అప్ప తిప్పింది. పెళ్ళిలో ఫొటో తీసేవాడు చెప్పినట్టు తిప్పింది.

కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ముందుకి వెళ్ళాను. అప్పుడు కనిపించాయి వేళ్ళు. పొద్దున్న నేను చూసి వెళ్ళినవి కావు. ఐదు వేళ్ళూ ఉబ్బి, నేరేడుపళ్ళలా అయిపోయాయి. ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి. పాదం నున్నగా మెరుస్తోంది. అందరూ ఆ నల్లదనాన్నీ చూస్తున్నారు, దాన్ని కూడా జబ్బులో భాగం కింద లెక్కేసుకుని నాలుకలు చప్పరిస్తున్నారు. మోకాలి కింద చుట్టూ తాడు కోసినట్టు లోతుగా గాడి పడింది. ఆ గాడిలో వేలెడు పొడుగు నీటి పొక్కు.

"ఇదెవరు కట్టేరు?" అన్నాను.

"నేనే," అన్నాడు బావ తలెత్తకుండా. "ఆ సిస్టరు కట్టింది నిలబడ్డం నేదు గదా. పొద్దున్నొచ్చినోళ్ళు సూసేక జడచుట్టు ఏసేను. గాలివానకి చెరకే పడదు, గుడ్డ జారతాదేటి?"

జడచుట్టు అంటే తెలియనివాళ్ళ కోసం చెప్తాను. చెరకు ఏపుగా పెరిగాక గాలికి పడిపోకుండా, దాని ఎండుటాకుల్నే తాడులా మెలిపెట్టి, దుబ్బుల్ని దగ్గరికి లాగి, పైన నడుం ఎత్తున బిగించి కడతారు. కింద వదులుగా ఉన్నా ఫరవాలేదు, పైన బిగువు ఉండాలి. బావ ఆ పనిలో మొనగాడు. ఆయన కట్టిన తోటలో ఒక్క గడ పడదు. ఆ పనితనమంతా మా అప్ప మోకాలి కింద చూపించాడు. కింద బిగువు, పైన వదులు ఉండాల్సిన కట్టుని తిరగేసి కట్టాడు. పైకి రావాల్సిన నీటికి పైనే మూత బిగించాడు.

"ఇన్నాళ్ళూ నువ్వే కడతన్నావా?"

"వచ్చినోళ్ళు సూడొద్దా మరి? సూసేక కట్టొద్దా? నువ్వు బ్యాంకులో కూకుంటే ఎవులు కడతారు?"

అప్ప మధ్యలో అందుకుంది. "నొప్పేటీ నేదే సెల్లీ. మీ బావ కడితేనే హాయిగా ఉంటాది. ఆ సిస్టరు కట్టింది పీకుతాది."

హాయిగా ఉంటుందట. కాలు చచ్చిపోతుంటే తెలియని హాయి.

నేను వాళ్ళందరినీ లేచి వెళ్ళమన్నాను. చిన్నగా ఏమీ అనలేదు, అందరూ కలిసి కాలు తినడానికి వచ్చారా అన్నాను. ముసలమ్మ అరటిపండు మిగిలిన సగం ట్రేలో, ఆ దూది పక్కనే, పెట్టి లేచింది. తిట్లు తిని ఎల్లిపోడానికి ఇంత దూరం వచ్చేమేటి అని గుమ్మంలో గొణిగారు. ఫోను ఆమె వీడియో ఆపలేదు. అందులో నేను కూడా పడే ఉంటాను, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని.

కాలు కొంచెం ఎత్తులో పెట్టి, పొడిగుడ్డ కప్పి, ఆటోలో అనకాపల్లి తీసుకెళ్ళాను. దారి పొడుగునా వేళ్ళని చేత్తో పట్టుకుని కూర్చున్నాను. వెంకన్నపాలెం దాటేసరికి బొటనవేలికి కొంచెం రంగు వచ్చింది. మిగతావాటి నలుపు ఒక్కొక్కటిగా తగ్గింది. చిటికెన వేలు మాత్రం నల్లగానే ఉండిపోయింది.

డాక్టరు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. మళ్ళీ ఆ పెన్ను పెట్టి చప్పుడు విన్నాడు. నేను ఇంతకు ముందు దెబ్బలాడిన అమ్మాయే పొక్కు చుట్టూ తుడిచి గుడ్డ వేసింది. గాడి పడిన చోట చర్మం బాగుపడేదాకా ఒత్తిడి కట్టు వద్దు, మంచం మీదే కాలు ఎత్తులో పెట్టి ఉంచండి, చిటికెన వేలు సంగతి ఇప్పుడు చెప్పలేను, ఈ వారం చూడాలి అన్నాడు. ఇంకొంతసేపు అలాగే వదిలేసి ఉంటే వేలి గురించి కాదు, పాదం గురించి మాట్లాడుకునేవాళ్ళం అన్నాడు.

బ్యాంకుకి సెలవు పెట్టాను. వీధి గ్రిల్లుకి తాళం వేశాను. వచ్చినవాళ్ళకి బయట అరుగు మీద కుర్చీ, మంచినీళ్ళు, అంతే. లోపలికి లేదు. నా గురించి ఏమన్నారో ఊహించుకోండి. అక్కని గదిలో పెట్టి తాళం వేసిందన్నారు. ఆస్తి కాగితాల మీద వేలిముద్రలు వేయించుకుంటోందన్నారు. చదువుకున్నదానికి చుట్టాలంటే అసహ్యం అన్నారు. చివరి మాట మాత్రం నిజమే. నిజంగానే అసహ్యం వేసింది. ఎవరి ఒంటిమీద రంధ్రం పడితే అందులోకి తొంగిచూసి, వాళ్ళ అల్లుడికి ఫొటో పంపి, వెళ్తూ వెళ్తూ ఆపిల్ పళ్ళ సంచి అందించి బాధ్యత తీరిందనుకునే ఆ ప్రేమంటే నాకు ఇప్పటికీ అసహ్యమే.

బావ తాళం చూసి గ్రిల్లు అవతలే నిలబడ్డాడు. తాళం తీసి, ఆయన్ని లోపలికి రమ్మన్నాను, కాలు ముట్టుకోనని మాటిస్తే. నా పెళ్ళాం కాలు నేను ముట్టుకోడానికి నీ పర్మిషనేటి అని, తెచ్చిన పాలక్యాను గ్రిల్లు పక్కన పెట్టేసి వెళ్ళిపోయాడు. తరవాత రాలేదు.

అప్ప నాతో మాట్లాడ్డం మానేసింది. పళ్ళెం పెడితే తింటుంది, మాత్ర ఇస్తే మింగుతుంది, మొహం గోడవైపు. వారం గడిచేసరికి చిటికెన వేలు మీద చర్మం నల్లటి తొడుగులా ఊడి, లోపల ఎర్రగా కొత్తది కనిపించింది. వేలు బతికిందని డాక్టరు చెబితే నేను బల్ల మీద కూలబడ్డాను. అప్ప మాత్రం, ఇంటికి ఎప్పుడు పంపుతారు అని ఆయన్ని అడిగింది.

మళ్ళీ ఒత్తిడి కట్టు మొదలైంది. ఈసారి ఎవరూ విప్పలేదు. మొదటి వారానికే పిక్క చుట్టుకొలత తగ్గింది. చర్మం ముడతలు పడింది. పుండు అంచులనుంచి గులాబీ రంగు లోపలికి పాకింది. కారే నీరు తగ్గింది, వాసన తగ్గింది. అనకాపల్లినుంచి వస్తూ ఆ మాట అప్పతో అన్నాను, చూశావా, ఎవరూ ముట్టుకోకపోతే ఎంత తొందరగా మానుతోందో అని.

అప్పుడు నోరు విప్పింది. ఆటోలో, డ్రైవరు వింటుండగా.

"నీకేటి తెలుసే. నేను ఆ ఇంటికెల్లి ఇన్నేళ్ళయింది. కాన్పులయినప్పుడు ఎవులూ రానేదు. అమ్మ పోయినప్పుడు రానేదు. పనికి పిలవడానికి వచ్చేవోళ్ళు తప్ప నాకోసమని ఎవులొచ్చేరు? ఇప్పుడొచ్చేరు. కూకున్నారు. నువ్వు తరిమీసేవు."

"కాలు పోయేదప్పా."

"ఆళ్ళు నా పుండు కాడ కూకుని అరటిపండు తిన్నారు. నువ్వు ఒక్కనాడైనా ముక్కు మూసుకోకుండా నా కాడికొచ్చేవా?"

నేను తగ్గలేదు. ముక్కు మూసుకుంటాను, కంపు కంపే, ముక్కు మూసుకుని నీ మంచం కింద కారిన చీమంతా తుడిచింది కూడా నేనే, అరటిపండు తిన్నవాళ్ళు తొక్క కూడా తీయలేదు అన్నాను. ఆ మాట ఈరోజు అడిగినా అంటాను. డ్రైవరు అద్దంలోంచి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. అప్ప కొంగు తీసి కట్టు మీద కప్పుకుని బయటికి చూస్తూ కూర్చుంది.

చెరకు ట్రాక్టర్లు వీధిలోకి రావడం ఆగిపోయిన కొన్నాళ్ళకి పుండు మూసుకుంది. ఉల్లిపొర లాంటి చర్మం, దాని చుట్టూ నల్లటి మచ్చ. డాక్టరు అప్ప కాలి కొలతకి బిగుతు మేజోళ్ళు రాశాడు. పొద్దున్న మంచం దిగకముందే తొడుక్కోవాలి, ముడత పడకూడదు, పడుకునేముందు తీసి పాదం అంతా చూసుకోవాలి, అప్పుడప్పుడు వచ్చి రక్తం దిగుతోందో లేదో పరీక్ష చేయించుకోవాలి. తొడగడం మా బావకి నేర్పమన్నాడు. నేనే వాళ్ళ ఊరు తీసుకెళ్ళి నేర్పాను. మోకాలి దగ్గర పైకి లాగి మడత పెట్టి బిగించబోతే చెయ్యి మీద ఒకటి వేశాను. ఆయన నావైపు చూడకుండా మడత విప్పి, చీలమండ దగ్గర ముడత సాపు చేశాడు.

కాఫీ ఇవ్వలేదు. నేనూ అడగలేదు. అప్ప లేచి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, పెరట్లోకి నడిచింది. అక్కడ ఎవరో ఆడవాళ్ళు పిలుస్తున్నారు, ఏదప్పా ఆ మచ్చ ఓపాలి సూపించు అని. నేను ఆగి వినలేదు. అప్ప మడమల వైపు చూశాను, అంతే. రెండూ నేల మీద సమంగా పడుతున్నాయి. చెప్పులు వేసుకుని ఆటో ఎక్కాను.